మాబు భాయ్ పోసిన నీళ్ళు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది. తెలిసినవాళ్ళ ముఖం చూసి ఈ మాట చెప్పే ధైర్యం పదహారేళ్ళుగా రాలేదు, ఈ రోజు వచ్చిందని కూడా చెప్పలేను. మింగలేక కక్కలేక ఒక మాటను పెట్టుకుని ఇన్నాళ్ళు బతికాను. తిన్నాను, తిరిగాను, స్టేజీలెక్కి వాయించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. అది మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు పొద్దున ఎనిమిదైంది. కర్నూలు బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి గదిలో కూర్చుని రాస్తున్నాను. ఆరింటికి కడపలో బస్సెక్కానని మాబు భాయ్ ఫోను చేశాడు. పదకొండు లోపల దిగుతాడు. దిగాక మేమిద్దరం కలిసి కల్లూరులో ఒక ఇంటి ముందు నిలబడాలి. అక్కడ ఆయన ఒక తల్లిని క్షమాపణ అడుగుతాడు. నేను పక్కన నిలబడి, పోనీలెమ్మా, క్షమించమ్మా అని ఆయన తరఫున చెప్పాలి. సరేనని మాటిచ్చాను.

ఆయన క్షమాపణ అడగబోయే తప్పు నాది.

రాసేశాను చూడండి. ఒక్క ముక్క. దీనికి పదహారేళ్ళు పట్టింది. రాశాక ఏం చేశానో తెలుసా? లేచి వెళ్ళి తలుపు గడియ పడిందో లేదో చూసుకొచ్చాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఈ వయసులో, ఇంత గడ్డం పెట్టుకుని, నా చేతిరాతను చూసి నేనే జడుసుకుంటున్నాను.

నేను హెవీ మెటల్ గిటారిస్టుని. మా ఇంట్లో దీన్ని ఇప్పటికీ ఇనుప సామాను సంగీతం అంటారు. నాలుగు బ్యాండ్లు మారాను. మొదటిది ఇంజనీరింగ్ చదివేటప్పుడు కర్నూల్లో పెట్టుకున్నది. వీరేశ్, నేను, ఇంకో ఇద్దరు. వీరేశ్ వాళ్ళది ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చి కల్లూరులో స్థిరపడిన నేతకారుల కుటుంబం. నాన్న పోయాక మగ్గం తీసేసిన రేకుల గది ఒకటి ఇంటి వెనక ఖాళీగా ఉండేది. మా ప్రాక్టీసు అక్కడే. వాళ్ళమ్మ మధ్యలో వచ్చి, చెవులు మూసుకుని, టీ గ్లాసులు పెట్టి పోయేది. వీరేశ్ గిటారు వాయిస్తూ పాడేవాడు. మామూలుగా మాట్లాడితే పక్కనున్నవాడికి కూడా వినపడనంత మెత్తటి మనిషి. మైకు పెదవులకు ఆనించి గర్జించాడంటే మాత్రం రేకులు అదిరేవి.

అతని యాంప్లిఫయరు ఎవరో వాడి పడేసింది. దాని డబ్బాకు కరెంటు లీకయ్యేది. చెప్పుల్లేకుండా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. మేం నవ్వుకునేవాళ్ళం. దానికి తేలు అని పేరు కూడా పెట్టాం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక జరిగిందని తర్వాత ఎక్కడైనా రాస్తే మీరు నమ్మకూడదు.

ఓర్వకల్లు వైపు ఒక కాలేజీలో వార్షికోత్సవం. ఎండలు ముదిరిన రోజులు. సౌండు మాబు భాయ్‌ది. ఆ రోజుల్లో కర్నూల్లో పెళ్ళయినా, ఉరుసయినా, వినాయక నిమజ్జనమయినా ఆయన బాక్సులే మోగేవి. మమ్మల్ని గోల పార్టీ అని ముద్దుగా తిట్టేవాడు. మేం ఎంత గోల చేసినా మా వైర్లు మాత్రం ఒక్కొక్కటీ ఆయనే సర్దేవాడు.

ఎర్తు సంగతి కొంచెం చెప్పాలి. మా సీమ నేల ఎప్పుడూ ఎండే ఉంటుంది. అందుకని పని తెలిసినవాళ్ళు స్టేజీ పక్కన గుంత తవ్వి, ఇనుప కడ్డీ దిగగొట్టి, బొగ్గులూ ఉప్పూ వేసి, బిందెలతో నీళ్ళు పోస్తారు. నేల తడిగా ఉంటే దారి తప్పిన కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే మనిషిని వెతుక్కుంటుంది. ఆ గుంత నుంచి ఒక పచ్చ వైరు స్టేజీ మీదికి వస్తుంది, మా యాంప్లిఫయర్లు పెట్టుకునే ప్లగ్గుల పెట్టెలోకి. మధ్యాహ్నం మాబు భాయ్ గుంత తవ్వడం, రెండు బిందెల నీళ్ళు పోయడం నేను చూశాను. ఆ నీళ్ళు ఇంకేదాకా నిలబడి చూసి మరీ ఆయన లేచాడు.

సౌండు చెక్కులో నా గిటారు నుంచి గుయ్యిమని ఒకటే మోత. మా మొదటి పాట నేనొక్కణ్ణే మెల్లగా మొదలుపెట్టాలి. ఆ మోతలో నా వాయింపు వినపడటం లేదు. అది నీ వైరు బాగలేకప్పా, మార్చుకో అన్నాడు మాబు భాయ్. ఆయన మామూలుగానే అన్నాడు. పెళ్ళిళ్ళకు బాక్సులు కట్టేవాడు నాకు గిటారు సంగతి చెప్పేదేమిటని నాకు మండింది. ఇరవై ఒక్క ఏళ్ళ పొగరు. సాయంత్రం ఆయన నమాజుకు వెళ్ళాడు. నేను గిటారు సంచిలోంచి టెస్టరు తీసి, ప్లగ్గుల పెట్టె మూత విప్పి, పచ్చ వైరు పీకేశాను. అలా చేస్తే మోత పోతుందని ఎక్కడో చదివాను. పోయింది కూడా. ఎంత శుభ్రంగా పోయిందంటే, నేను నవ్వుకున్నాను. మాబు భాయ్ తిరిగొచ్చాక చూపిద్దామని కూడా అనుకున్నాను.

తేలు కూడా అదే పెట్టెలో ఉందన్న సంగతి గుర్తు రాలేదా? వచ్చిందా? ఈ ప్రశ్న నన్ను నేను కొన్ని వేల సార్లు అడిగి ఉంటాను. ఒక్కోసారి రాలేదంటాను. ఒక్కోసారి, వచ్చింది గానీ ఐదు నిమిషాలకు ఏమవుతుందిలే అనుకున్నానంటాను. ఏది నిజమో నాకే తెలియకుండా పోయింది. అన్నిటికన్నా నాకు భయం వేసేది అక్కడే.

వీరేశ్ గిటారు తగిలించుకుని వచ్చాడు. మైకు సరిగ్గా ఉందో లేదో చూద్దామని పెదవులు ఆనించాడు. మైకు మాబు భాయ్ మిక్సరు నుంచి వస్తుంది, దానికి ఎర్తు బ్రహ్మాండంగా ఉంది. చేతిలోని గిటారు తీగల్లోకి తేలు నుంచి కరెంటు వస్తోంది, దానికి ఎర్తు లేదు. మధ్యలో వీరేశ్ ఉన్నాడు. అతను అరవలేదు. మేం పాట మొదలుపెట్టాడేమో అనుకున్నాం. తర్వాత నిలబడినవాడు నిలబడినట్టే వెనక్కి పడిపోయాడు.

ఎవరో కేక వేశారు. నమాజు ముగించి గేటు దగ్గరికి వచ్చిన మాబు భాయ్ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపాడు. అందరూ వీరేశ్ మీద వాలిపోయారు. ఛాతీ నొక్కేవాళ్ళు, కాళ్ళు రుద్దేవాళ్ళు, నీళ్ళు నీళ్ళు అని అరిచేవాళ్ళు.

నేను ప్లగ్గుల పెట్టె దగ్గరికి వెళ్ళాను.

మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పచ్చ వైరును మళ్ళీ దాని చోట పెట్టి, టెస్టరుతో బిగించాను. మూత వేశాను. ఒక నిమిషం పట్టి ఉంటుంది. చెయ్యి ఒక్కసారి కూడా జారలేదు. నా స్నేహితుడు పది అడుగుల దూరంలో చచ్చిపోతుంటే నా చెయ్యి అంత నిదానంగా ఎలా పని చేసింది? పీకడం తెలివితక్కువతనం. దానికి ఏదో ఒక క్షమ ఉంటుందేమో. బిగించడానికి ఏముంది? అప్పుడు నాకు అన్నీ తెలుసు కదా.

ఆ నిమిషంలో నువ్వెక్కడున్నావని మా డ్రమ్మరు తర్వాత అడిగాడు. అంబులెన్సుకు ఫోను చేస్తున్నానన్నాను. ఆసుపత్రికి చేరేలోపే వీరేశ్ పోయాడు.

మర్నాడు కాలేజీ ఎలక్ట్రీషియను వచ్చి అన్నీ చూశాడు. వైర్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. గుంత మాత్రం ఎండిపోయి ఉంది. ఆ రాతినేలలో, ఆ ఎండల్లో, పోసిన నీళ్ళు మర్నాటికి ఉంటాయా? ఆ మాట ఎవరికీ తట్టలేదు. నీళ్ళు సరిగ్గా పోయలేదు, ఎర్తు పని చేయలేదు, అందుకే పిల్లాడు పోయాడని తేల్చారు. పని వదిలేసి నమాజుకు పోయాడట అని కొందరు దానికి ఇంకో రంగు కూడా పూశారు. వైర్లు మీలో ఎవరైనా ముట్టుకున్నారా అని పోలీసులు నన్ను అడిగారు. లేదు సార్ అన్నాను. వీరేశ్ మేనమామలు మాబు భాయ్ దుకాణం మీద పడి బాక్సులన్నీ పగలగొట్టారు. ఆయన్నీ కొట్టారు. కేసు కొన్నేళ్ళు నడిచి నీరుగారిపోయింది. అప్పటికే ఆయన ఊరొదిలి కడపలో అత్తగారింటి పంచకు చేరాడు.

వీరేశ్ వాళ్ళమ్మ అతని గిటారు నాకిచ్చింది. వాడి బదులు నువ్వు వాయించమంది. తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతుందేమోనని భయపడి తీసుకున్నాను.

తర్వాత నా సంగీత జీవితం అని పత్రికలవాళ్ళు రాసేదంతా నిజానికి నేను పారిపోయిన దారి. హైదరాబాదులో రెండో బ్యాండు. రెండేళ్ళు బాగానే గడిచింది. ఒక రోజు అక్కడి డ్రమ్మరు, నీ స్నేహితుడి మీద ఒక పాట చేద్దాం అన్నాడు. కరెంటు మీద, చావు మీద. మంచివాడు, మనసారా అన్నాడు. నెల తిరక్కుండా ఆ బ్యాండు వదిలేశాను. బెంగుళూరులో మూడో బ్యాండు. రెండు ఆల్బమ్‌లు చేశాం. పేరొచ్చింది. ఒక ఇంటర్వ్యూలో, ప్రశ్నలడిగే అమ్మాయి వీరేశ్ గురించి అడిగితే, సౌండు వాళ్ళ నిర్లక్ష్యం వల్ల పోయాడు అని చెప్పాను. కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకున్నాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. పోలీసు లేడు, కేసు లేదు. ఉత్తినే చెప్పాను. అబద్ధం అలవాటైతే ఆకలి లేకపోయినా తింటాం.

ఆ బ్యాండు కూడా నిలవలేదు. ఒక షోలో కొత్తగా వచ్చిన సౌండు ఇంజనీరు, మోత వస్తోందని ఎర్తు తీసేయబోయింది. నేను పిచ్చివాడిలా అరిచి ఆమె చేతిలోని వైరు లాగేసుకున్నాను. నీకు ఇది ఇంత కచ్చితంగా ఎలా తెలుసు అని ఆమె అడిగింది. మామూలుగానే అడిగింది. ఆ రాత్రి బట్టలు సర్దుకున్నాను. ఇప్పుడున్నది నాలుగోది.

ప్రతి స్టేజీ మీదా వాయించేముందు నేను కుడి చేతి వెనక వైపును మైకుకు ఆనిస్తాను. కరెంటు ఉంటే చెయ్యి దానంతటది వెనక్కి గుంజుకుంటుంది, పట్టుకుపోదు. జనం దాన్ని మొక్కు అనుకున్నారు. పోయిన స్నేహితుడికి దణ్ణం పెడుతున్నాడని ఎవరో రాశారు. ఇప్పుడు నేను అలా ఆనించగానే కింద కుర్రకారంతా చేతులు తిప్పి పైకెత్తుతారు. వందల చేతులు. వాళ్ళకు అది గౌరవం. నాకు ఆ చేతులన్నీ నన్నే చూపిస్తున్నట్టుంటుంది. ఏ రోజు ఎవడు లేచి, వీడే అంటాడో అని మొదటి పాట అయ్యేదాకా చెమటలు పడుతూనే ఉంటాయి.

రెండు నెలల కిందట కడపలో ఒక పెళ్ళికి వెళ్ళాను. చొక్కా ఇస్త్రీ చేయించుకుందామని లాడ్జి కిందికి దిగితే, వీధి మలుపులో ఇస్త్రీ బండి. పెద్దాయన ఒకరు బొగ్గుల పెట్టెతో పంచె రుద్దుతున్నాడు. ఈ రోజుల్లో బొగ్గుల పెట్టె ఏమిటా అనుకుంటూ చొక్కా చాచాను. ఆయన తలెత్తాడు. గడ్డం నెరిసింది. కళ్ళు మారలేదు. నేను వెనక్కి తిరిగి పోవాల్సింది. చొక్కా చాచి అలాగే నిలబడ్డాను.

"నువ్వు వీరేశ్ జతగానివి గదప్పా? గిటారు?"

"అవును భాయ్."

"యాడుండావు ఇప్పుడు?"

"బెంగుళూరులో."

"నేను ఈడనే. ఈ బండే. కరెంటు జోలికే పోను. ఇంట్లో బల్బు పోతే మా ఆడమనిషే మారుస్తాది."

పెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, బండి చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చాడు. తెలిసిపోయింది, అడిగేస్తాడు అనుకున్నాను.

"ఆ పొద్దు రెండు బిందెలే పోస్తినప్పా," అన్నాడు. "పోసేటప్పుడే అనుకుంటి, ఇంగో రెండు పోద్దామా అని. పనుల్లో పడి మర్చిపోతి. అది రాతినేల, ఎంత పోసినా తాగుతాది. నాకు తెల్దా? ఇరవై ఏండ్లు చేసిన పని. నాలుగు పోసింటే ఆ పిల్లోడు ఉంటాండె."

పదహారేళ్ళుగా ఆయన నన్ను అనుమానిస్తున్నాడని భయపడ్డాను. ఆయన అనుమానించింది తనను. నేను అక్కడే, ఆ ఎండలో, చెప్పేయవచ్చు. ఎవరూ లేరు. నోరు తెరిచాను.

"పోనీలే భాయ్. జరిగిపోయింది కదా."

నా నోటి నుంచి వచ్చిన మాట అది. ఆయన్ని క్షమించాను నేను! ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు.

"నువ్వు ఆ మాట అంటివి, శానా ఏండ్లకు గుండె రవ్వంత తేలికాయప్పా. ఆయమ్మ మాత్రం తలుపే తీయదు. ఏటా ఆ దినానికి పోతా, గడప బయట కూసోని వస్తా. నువ్వంటే కొడుకు లెక్క గదా ఆయమ్మకు. నువ్వు పక్కన నిలబడితే తీస్తాదేమో. వస్తావా?"

"వస్తా భాయ్."

వీరేశ్ పోయిన ఆ దినం ఇవాళే.

నేను ఈ రోజు ఏం చేద్దామనుకున్నానో ఉన్నదున్నట్టు చెబుతాను. ఇదంతా రాసి, పేరు లేకుండా ఎక్కడికైనా పంపి, గుండె బరువు దిగిందనుకుని, ఆయన పక్కన వెళ్ళి నిలబడదామనుకున్నాను. ఆ తల్లి తలుపు తీస్తే ఆయనకు నెమ్మది, ఆమెకూ నెమ్మది, మధ్యలో నాదెందుకు అనుకున్నాను. చూడండి, పిరికితనం ఎంత మంచి బట్టలు వేసుకుని వస్తుందో. రాస్తూ రాస్తూ, తలుపు తెరుచుకోవడం ఊహించుకున్నాను. ఆమె ముందు నన్ను చూస్తుంది. లోపలికి రా నాయనా అంటుంది. తర్వాత ఆయన్ని చూస్తుంది. ఆయన చేతులు జోడిస్తాడు. అక్కడి నుంచి ముందుకు ఊహించడం నా వల్ల కాలేదు.

ఇక్కడిదాకా రాసి కలం పెట్టేశాను. ఇకపై రాసేది ఫోను వచ్చిన తర్వాత.

పదిన్నరకే మోగింది. "దిగినానప్పా. బస్సు బిరీన వచ్చేసింది. యాడుండావు?"

వస్తున్నా భాయ్ అనబోయాను. కింద వీధిలో ఆటో హారను కొడుతోంది. ఎలా అన్నానో తెలియదు. అందంగా ఏమీ అనలేదు. "భాయ్, ఆ పచ్చ వైరు పీకింది నేను. నువ్వు నమాజుకు పోయినప్పుడు. వాడు పడిపోయాక మళ్ళా బిగించింది కూడా నేనే," అన్నాను.

అవతల బస్టాండు రొద. ఎవరో నంద్యాల, నంద్యాల అని పిలుస్తున్నారు. నేను ఫోను చెవికి ఎంత గట్టిగా నొక్కుకున్నానంటే చెవి నొప్పి పుట్టింది. తిడతాడని, ఏడుస్తాడని, నమ్మడని, అన్నీ అనుకున్నాను. ఆయన ఒకే ఒకటి అడిగాడు.

"అయితే నేను పోసిన నీళ్ళు సరిపోయిండెనా?"

"సరిపోయిండె భాయ్. నీ ఎర్తు బాగుండె. నీ తప్పు ఏమీ లేదు."

ఆయన ఊపిరి వినపడింది. ఫోను కట్టయింది. ఆయనే పెట్టేశాడో, దానంతట అదే పోయిందో నాకు తెలియదు. తిరిగి చేయలేదు, ఆయనా చేయలేదు.

ఇప్పుడు బస్టాండుకు బయలుదేరుతున్నాను. ఆయన అక్కడే ఉంటాడో, తిరుగు బస్సెక్కేశాడో చెప్పలేను. ఉంటే ఇద్దరం కల్లూరు పోతాం, మాట్లాడేది నేను. లేకపోతే ఒక్కణ్ణే పోతాను. వీరేశ్ మేనమామలు ఇంకా ఉన్నారు, పోలీసు స్టేషను ఉంది, ఆ తల్లి నాకిచ్చిన కొడుకు గిటారు ఉంది. భయం రవ్వంత కూడా తగ్గలేదు. అయినా ఆ మాట అన్నాక చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి పొట్ట నిండా పోయింది. అది కూడా దాచకుండా చెబుతున్నాను.

నన్ను క్షమించమని మాత్రం నేను ఆయన్ని అడగలేదు. అడిగితే వెంటనే పోనీలేప్పా అనేస్తాడని భయమేసింది.